మల్లె పేర్లు ఎక్కడెక్కడివి

అమరసింహుడు తన నిఘంటువులో మల్లెకు చెప్పిన పేర్లలో ఒకటి శీతభీరువు. చలికి జడిసేది అని అర్థం. మల్లిక, తృణశూన్యం, భూపది అనే పేర్లు కూడా ఆ వరసలోనే ఉన్నాయి. వాటన్నిటిలోకీ పొద పక్కన కూర్చుని పెట్టినట్టున్న పేరు మాత్రం శీతభీరువే. పెరట్లో మల్లెపొద ఉన్నవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. మంచు పడే రోజుల్లో మల్లె ముడుచుకుని ఊరుకుంటుంది. ఎరువు వేసినా, నీళ్ళు పోసినా ఉలకదు పలకదు. చలి వెనకపట్టే వేళకు ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్ళు నీళ్ళు మానేసి, ఆ తర్వాత పాదు చేసి తడి పెడతారు. ఎండ చురుక్కుమనేసరికి చిగురు, చిగురు కొసన మొగ్గ. చైత్ర వైశాఖాల్లో ఊరు ఊరంతా మల్లెల వాసనే.

అదే నిఘంటువు, నాలుగు మాటల దూరంలో కుందం అనే మరో తెల్లపువ్వుకు మాఘ్యం అని పేరు చెప్పింది. మాఘమాసంలో పూసేది కాబట్టి మాఘ్యం. తెలుగులో దాన్నే మొల్ల అంటారు. ‘కుందరదన’ అంటే మొల్లమొగ్గల్లాంటి పలువరుస ఉన్న అమ్మాయి అని బడిలో చదువుకున్నవాళ్ళు చాలామందే. చలికి భయపడే మల్లె ఒకటి, చలిలోనే విచ్చుకునే మొల్ల ఒకటి. ఇద్దరక్కచెల్లెళ్ళూ ఏడాదిని పంచుకున్న సంగతిని ఆ కోశకారుడు పదిహేను వందల ఏళ్ళ కిందటే రెండు పేర్లలో పొందుపరిచాడు.

ఈ కుటుంబంలో జాతులు దాదాపు రెండు వందలు. వృక్షశాస్త్రం ప్రకారం ఇవన్నీ ఆలివ్ చెట్టుకు చుట్టాలు. ఇంగ్లీషులో అన్నిటికీ కలిపి జాస్మిన్ అని ఒక్క మాట ఉంది. తెలుగులో అలా కాదు. మల్లె వేరు, జాజి వేరు, మొల్ల వేరు. సన్నజాజి, విరజాజి, కాగడా, బొండుమల్లె, దొంతరమల్లె, అడవిమల్లె దేనికదే. పూలమ్మే మనిషిని జాజులడిగితే మల్లెలు ఇవ్వదు. ఇచ్చినా కొనే ఇల్లాలు ఒప్పుకోదు.

ముందు జాజి సంగతి. సంస్కృతంలో దాని పేరు జాతి. అమరకోశం సుమన, మాలతి, జాతి అని మూడు పేర్లు ఒక్క చోట చెప్పింది. ప్రకృతి వికృతుల పట్టికలో జాతి పక్కన కనిపించేది జాజి. ఆ పేరు తీగ దగ్గరే ఆగిపోలేదు. తాంబూలంలో వేసే జాజికాయ పేరులో ఉన్నదీ ఈ జాజే. సంస్కృతంలో అది జాతీఫలం. దాని మీద ఎర్రటి వలలా అల్లుకుని ఉండే జాపత్రి సంస్కృతంలో జాతీపత్రి. ఆ కాయ కాసే చెట్టుకూ జాజితీగకూ ఏ చుట్టరికమూ లేదు. శతాబ్దాలపాటు ఆ చెట్టు పెరిగింది సముద్రాల అవతల, ఇండోనేషియాలోని బాందా దీవుల్లో. చెట్టును ఎన్నడూ చూడనివాళ్ళు, ఓడ దిగిన కాయను చేతిలోకి తీసుకుని వాసన చూసి, తమకు తెలిసిన పరిమళం పేరు దానికి పెట్టుకున్నారనుకోవడమే సబబుగా ఉంటుంది. వంటింటి డబ్బాలో ఉన్న ఆ గట్టి కాయ పేరులో ఇప్పటికీ ఒక పువ్వు ఉంది.

మొల్ల కథ ఇంకా పాతది. తమిళంలో ముల్లై, మలయాళంలో ముల్ల, కన్నడంలో మొల్లె, తెలుగులో మొల్ల. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ మాటలన్నిటినీ ఒకే కుదుట్లో చేర్చింది. తమిళుల సంగం సాహిత్యంలో ముల్లై ఒక పువ్వు పేరుతో ఆగలేదు, ఒక నేలకే పేరైంది. అడవి, పచ్చిక, పశువుల మందలు ఉండే సీమ ముల్లై. ఊరు వెళ్ళిన భర్త వానాకాలానికి తిరిగొస్తాడని ఓర్చుకుని ఎదురుచూసే ఇల్లాలి మనసుకూ ఆ నేలకూ ముడిపెట్టారు ఆ కవులు. పారి అనే చిన్న రాజు దారిలో ఆధారం లేక నేలన పడి ఉన్న ముల్లై తీగను చూసి, దానికి పందిరిగా తన రథాన్నే వదిలి నడిచి వెళ్ళాడని తమిళులు ఇప్పటికీ చెప్పుకుంటారు. దాతృత్వానికి ఉదాహరణ కావలసివస్తే మొదట ఆయన పేరే తలుస్తారు.

తెలుగువాళ్ళకు ఈ మాట ఒక కవయిత్రి రూపంలో నిలిచింది. కుమ్మరి ఇంట పుట్టి రామాయణం రాసిన ఆతుకూరి మొల్ల. చిన్న పుస్తకమే, కానీ చదవగానే అర్థమయ్యే తెలుగులో ఉండాలని కోరి రాసిన పుస్తకం. ఆమె తల్లిదండ్రులు బిడ్డకు పెట్టుకున్నది పెరటి పువ్వు పేరు. ఇవాళ మొల్ల అనగానే కవయిత్రి గుర్తొస్తుంది గాని పువ్వు గుర్తురాదు. పట్నాల్లో పెరిగిన పిల్లల్లో చాలామందికి అది పూవు పేరని కూడా తెలియదు. ఇది చిన్న నష్టం కాదు. పువ్వు పేరు తెలియని చోట పువ్వునే వేరుగా గుర్తుపట్టడం పోతుంది. తెల్లగా వాసనగా ఉన్నదల్లా మల్లెపువ్వే అయిపోతుంది.

మల్లె అన్న మాట మూలం మీద మాత్రం తగువు తీరలేదు. తెలుగు మల్లె, కన్నడ మల్లిగె, తమిళ మల్లిగై సంస్కృత మల్లిక నుంచి వచ్చాయని ఒక వాదం. దక్షిణాది మాటే సంస్కృతంలోకి వెళ్ళి మల్లిక అయిందని ఇంకో వాదం. సంస్కృతంలోకి చేరిన ద్రావిడ పదాలు తక్కువేమీ కావు కనుక రెండోదాన్ని కొట్టిపారేయడానికి లేదు. మాట ఎటు నుంచి ఎటు వెళ్ళినా, వెళ్ళడం మాత్రం చాలా పాతకాలంలోనే జరిగిపోయింది. కాళిదాసు శాకుంతలం నాటికే ఈ కుటుంబపు తీగలకు ఆశ్రమాల్లో ముద్దుపేర్లు ఉన్నాయి. శకుంతల తాను పెంచిన నవమాలికకు వనజ్యోత్స్న అని పేరు పెట్టుకుంది, మామిడిచెట్టుకు ఇచ్చి పెళ్ళి చేసింది, అత్తవారింటికి వెళ్ళేటప్పుడు దాన్ని కౌగిలించుకుని మరీ సెలవు తీసుకుంది. జైనుల పందొమ్మిదో తీర్థంకరుడి పేరు మల్లి. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి పూలమాలల పాన్పు మీద పడుకోవాలని కోరిక పుట్టినందుకు బిడ్డకు ఆ పేరు వచ్చిందని వాళ్ళ గ్రంథాల కథ. శ్వేతాంబరులైతే మల్లి స్త్రీ అనే నమ్ముతారు.

శ్రీశైలం దేవుడి పేరులోనూ ఈ పువ్వే ఉంది. చంద్రవతి అనే రాజకుమార్తె కొండ మీద లింగాన్ని రోజూ మల్లెలతో పూజించిందనీ, అందుకే స్వామి మల్లికార్జునుడయ్యాడనీ స్థలపురాణం. అర్జున శబ్దానికి మద్దిచెట్టు అనీ, తెలుపు అనీ రెండు అర్థాలున్నాయి. కన్నడ దేశం నుంచి శ్రీశైలానికి వచ్చిన అక్క మహాదేవి తన వచనాలన్నీ చెన్నమల్లికార్జునుడి పేరుతోనే ముగించింది. ఎ.కె. రామానుజన్ వాటిని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు ఆ పేరును పేరుగా వదిలేయకుండా మల్లెలా తెల్లనైన ప్రభువు అనే అర్థం వచ్చేలా మార్చాడు. ఆ అనువాదం వల్ల, తెలుగు గడ్డ మీది దేవుడి పేరులోని మల్లె ప్రపంచమంతటి పాఠకులకూ చేరింది.

ఇక పడమటి దారి.

పారసీకంలో ఈ కుటుంబపు పువ్వు పేరు యాసమన్. ఇస్లాంకు ముందు నాటి పహ్లవీ భాషలోనే ఈ మాట ఉంది. జొరాస్ట్రియన్ల గ్రంథం బుందహిష్న్ ఒక్కో దైవశక్తికి ఒక్కో పువ్వును కేటాయిస్తూ తెల్ల యాసమన్‌ను సద్బుద్ధికి అధిదేవత అయిన వహుమన్‌కు ఇచ్చింది. పారసీకం నుంచి అరబ్బీకి వెళ్ళి యాసమీన్, అక్కడి నుంచి ఐరోపాకు చేరి ఫ్రెంచి వాళ్ళకు జాస్మాఁ, ఇటలీ వాళ్ళకు జెల్సొమీనో, ఇంగ్లీషు వాళ్ళకు కొన్నాళ్ళు జెస్సమీన్, ఆ తర్వాత జాస్మిన్. యాస్మిన్ అంటే దేవుడి కానుక అని పిల్లల పేర్ల పుస్తకాల్లో రాస్తుంటారు. పారసీకంలో ఆ మాటకు పువ్వు అన్న అర్థమే గాని కానుక అన్న అర్థం లేదు. పువ్వు పేరు చాలదని ఎవరికనిపించిందో గాని, ఆ కల్పన అనవసరం. హైదరాబాదు గల్లీల్లో ఒక ఇంట మల్లిక, పక్కింట యాస్మిన్, ఆ పై ఇంట మాలతి ఉంటే ముగ్గురివీ ఒక్క పూల కుటుంబపు పేర్లే.

1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెడుతూ ఈ కుటుంబాన్ని జాస్మినమ్ అన్నాడు. మన మల్లె దగ్గరకు వచ్చేసరికి ఆయన పొరబడ్డాడు. దాన్ని పారిజాతంతో కలిపి నిక్టాంథెస్ అనే ప్రజాతిలో వేశాడు. రాత్రిపూలు అని దాని అర్థం. 1789లో విలియం ఐటన్ అనే స్కాటిష్ వృక్షశాస్త్రవేత్త మల్లెను తిరిగి జాస్మినమ్‌లో చేర్చాడు. ఇప్పటికీ శాస్త్రంలో మల్లె పేరు జాస్మినమ్ సాంబాక్. ఈ సాంబాక్ ఎక్కడిది? అరబ్బీ జంబక్ నుంచి వచ్చింది. మధ్యయుగపు అరబ్బీలో ఆ మాటకు మల్లెనూనె అని అర్థం. ఇవాళ్టి అరబ్బీలో అదే మాటకు లిల్లీ అని అర్థం. నూనె సీసా మీది పేరు పువ్వుకు వెళ్ళింది, పువ్వు పేరు ఇంకో పువ్వుకు వెళ్ళింది.

ఇంగ్లీషులో మల్లెను అరేబియన్ జాస్మిన్ అంటారు. అది అరేబియాలో పుట్టలేదు. దాని పుట్టిల్లు భారతదేశం, తూర్పు హిమాలయాల దిగువసీమ. ఐరోపా వాళ్ళు దాన్ని అరబ్బుల తోటల్లో చూశారు, అరబ్బుల నోట విన్నారు, అదే దాని ఊరనుకున్నారు. జాజికీ అదే జరిగింది. ఐరోపాలో దాన్ని స్పానిష్ జాస్మిన్ అన్నారు, స్పెయిన్‌తో దానికి జన్మసంబంధం లేకపోయినా. పెద్ద పువ్వులు పూసే ముద్దమల్లె ఒకటి పదిహేడో శతాబ్దం చివర గోవా నుంచి ఇటలీ చేరింది. టస్కనీ పాలకుడు మూడో కోసిమో దాన్ని తన కాస్తెల్లో తోటలో అపురూపంగా పెంచాడు, చలి తగలకుండా దానికోసం ప్రత్యేకంగా ఒక వెచ్చని గది కట్టించాడు. శీతభీరువు అన్న పేరు ఆయన వినకపోయినా చేసిన పని అదే. అక్కడివాళ్ళు ఆ పువ్వును ముగెరీనో అన్నారు. అది గోవాలో విన్న మోగ్రా. మోగ్రా వెనక ఉన్నది సంస్కృత ముద్గరం, అంటే గద. గుండ్రటి తలకాయతో బరువుగా ఉండే మొగ్గను చూస్తే ఆ పేరు ఎందుకో తెలుస్తుంది. ఇప్పుడా రకాన్ని నర్సరీల్లో గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ అని అమ్ముతారు. గోవా నుంచి వెళ్ళిన పువ్వు దొరగారి పేరు పెట్టుకుని తిరిగొచ్చింది.

తూర్పు దారిలో మన మాటలే నడిచాయి. చైనా వాళ్ళు మల్లెను మోలి అంటారు, అది మల్లికే. జీ హాన్ అనే చైనా రచయిత 304లో రాశాడని చెప్పే దక్షిణదేశపు మొక్కల గ్రంథంలో రెండు పువ్వుల ప్రస్తావన ఉంది. ఆ గ్రంథం అంత పాతది కాదనే పండితులూ ఉన్నారు. అందులో ఒకటి మోలి, రెండోది యెసిమింగ్. మొదటి దానిలో మల్లిక, రెండో దానిలో యాసమన్ వినిపిస్తున్నాయి. పడమటి దేశాలవాళ్ళు వీటిని కాంటన్ తీరానికి తెచ్చారనీ, దక్షిణాదివాళ్ళు వాసనకు మురిసి నాటుకున్నారనీ, అక్కడి ఆడవాళ్ళు రంగుదారంతో పువ్వు నడిమి గుండా గుచ్చి తలలో పెట్టుకుంటారనీ అందులో రాశారు. పువ్వుతో పాటు దండ గుచ్చే అలవాటు కూడా సముద్రం దాటినట్టుంది. ఆ పైన చైనావాళ్ళు మల్లెమొగ్గలను తేయాకుతో కలిపి పరిమళం పట్టించడం నేర్చారు. ఫూజౌ మల్లె తేనీటికి 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వ్యవసాయ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. మల్లె మీద చైనా వాళ్ళు పాడుకునే జానపదగీతం బాణీని ఇటలీ సంగీతకారుడు పుచ్చీనీ తన ‘తురందోత్’ నాటకంలో వాడుకున్నాడు. దాన్ని 1926లో మిలాన్‌లో తొలిసారి ప్రదర్శించారు.

ఇండోనేషియాలో మల్లె పేరు మెలాతి. సంస్కృతంలో మాలతి జాజికి పేరు, అక్కడ మల్లెకు పేరైంది. 1993లో అధ్యక్షుడి ఉత్తర్వు దాన్ని జాతీయపుష్పాల్లో ఒకటిగా ప్రకటించింది. ఫిలిప్పీన్స్‌లో జరిగింది ఇంకా వింత. అక్కడి జాతీయపుష్పం సంపగీత. 1934లో గవర్నర్ జనరల్ ఫ్రాంక్ మర్ఫీ దాన్ని ప్రకటించాడు. పువ్వు మన మల్లే, పేరు మాత్రం సంపెంగది. సంస్కృత చంపకం తగలోగ్ భాషలో సంపగ అయింది. దానికి స్పానిష్ వాళ్ళు తమ భాషలోని ముద్దు ప్రత్యయం తగిలించి సంపగీత చేశారు. అదే చంపకం తెలుగులో సంపెంగ అయింది. మనీలా వీధిలో అమ్మే మల్లెదండ పేరునూ విజయవాడ బజారులో అమ్మే సంపెంగ పేరునూ పక్కపక్కన పలికితే ఆ చుట్టరికం చెవికే తెలుస్తుంది. హవాయి దీవుల్లో మల్లెకు పికాకే అని పేరు. అది ఇంగ్లీషు పీకాక్, అంటే నెమలి. అక్కడి రాకుమారి కయులానికి నెమళ్ళన్నా మల్లెలన్నా ప్రాణం. ఆమె మీది అభిమానంతో జనం మల్లెను నెమలి పేరుతో పిలవడం మొదలుపెట్టారు.

మల్లె కాకుండానే మల్లె పేరు మోసేవీ ఉన్నాయి. ఆకాశమల్లె, అదే కాడమల్లె, బాగా ఎత్తు పెరిగే చెట్టు. పొడుగు కాడతో తెల్లగా రాలే దాని పూలకు వాసన ఉంది గాని, అది వేరే కుటుంబం. అమెరికాలోని సౌత్ కరోలినా 1924లో రాష్ట్రపుష్పంగా తీసుకున్న పసుపుపచ్చని జెస్సమీన్ అసలు జాస్మిన్ కాదు, తీగంతా విషం. దాని తేనె పీల్చబోయే పిల్లలకు అది ప్రమాదం.

ఇక వ్యాపారంలో ఊరి పేర్లది రాజ్యం. ఎన్టీఆర్ జిల్లాలో మైలవరం మల్లెలు అంటే బజారులో వేరే చెప్పక్కర్లేదు. తెల్లవారుజామునే తోటల్లో కోత మొదలవుతుంది. ఆ సాయంత్రానికి విచ్చబోయే ముదురుమొగ్గను, రేపటి మొగ్గను వేలితో తాకి తేడా పట్టేస్తారు కోసేవాళ్ళు. ఆ పనితనం వల్లే పొద్దున గుచ్చిన దండ సాయంత్రం జడలో విచ్చుకుంటుంది. మైసూరు, ఉడుపి, హడగలి మల్లెలకు కర్ణాటక భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. 2013లో మదురై మల్లికి వచ్చింది. 1942లో రెండు భాషల్లో ఈ పువ్వు ఒకేసారి సాహిత్యంలో పేరెక్కింది. కన్నడంలో కె.ఎస్. నరసింహస్వామి తన ప్రేమకవితల సంపుటికి మైసూరు మల్లిగె అని పేరు పెట్టాడు. ఆ ఏడాదే శంకరంబాడి సుందరాచారి తెలుగుతల్లి మెడలో వేయడానికి మల్లెపూలనే ఎంచుకున్నాడు. బంగారం, ముత్యాలు, తామరలు ఉండగా ఇంటింటి పెరటి పువ్వును ఎంచుకోవడంలో ఆ కవి గొప్ప మనసుంది.

ఈ పేరు చేసిన ప్రయాణాల్లో చివరిది ప్రయోగశాలలో జరిగింది. 1962లో జాజిపూల తైలం నుంచి శాస్త్రవేత్తలు ఒక సువాసన పదార్థాన్ని వేరుచేసి, పువ్వును బట్టి దానికి మిథైల్ జాస్మొనేట్ అని పేరు పెట్టారు. అప్పటికి అది పరిమళద్రవ్యాల వాళ్ళకే పనికొచ్చే సంగతి. 1990లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఫార్మర్, క్లారెన్స్ రయన్ ఒక మూసిన గాజుపాత్రలో టమాటా మొక్కను, సేజ్‌బ్రష్ అనే ఎడారి పొద కొమ్మలను కలిపి ఉంచారు. సేజ్‌బ్రష్ గాలిలోకి వదిలిన మిథైల్ జాస్మొనేట్ సోకగానే టమాటా ఆకులు పురుగుల జీర్ణశక్తిని దెబ్బతీసే ప్రోటీన్లను తయారుచేసుకోసాగాయి. పురుగు కొరికినప్పుడు మొక్కలు తమలో తాము పుట్టించుకునే రక్షణ సంకేతం ఈ జాస్మొనేట్ల కుటుంబమేనని ఆ తర్వాతి పరిశోధనలు నిలబెట్టాయి. అది జాజిలోనే కాదు, టమాటాలో ఉంది, మొక్కజొన్నలో ఉంది, వరిలో ఉంది. కృష్ణా డెల్టాలో ఆకుముడత పురుగు వరి ఆకును గోకినప్పుడు ఆ దుబ్బులో పెరిగే రసాయనం పేరు కూడా, పహ్లవీలో యాసమన్ అన్న ఆ పాత మాట నుంచి వచ్చిందే.